పొట్లం మీద మొగం

"రీకాల్ అంటక్కా. అంతే. భయపడాల్సిందేమీ లేదు."

"ఏ కాలురా?"

"కాలు కాదక్కా, రీకాల్..."

"ఎవురికి మే? ఏ కాలు ఇరిగింది? కుడిదా, ఎడందా?"

"చెంగమ్మత్తా, నువ్వు నువ్వుల్ని చూసుకో. మాడతా ఉండాయి."

"నువ్వులకేం, వాటికి కాళ్ళా ఏమన్నానా, యాడికీ పోవు. ఇరిగింది ఎవురికో సెప్పండి. పుత్తూరుకు తీసకపోదాం. కట్టు కట్టించుకొని వస్తే నెల తిరక్కముందే సెట్టెక్కొచ్చు. మా ఆయన ఎక్కినాడు గూడా. మళ్ళీ పడినాడు, అది యేరే కత."

ఐరాల నుంచి కాణిపాకం పోయే దారిలో ఒక రేకుల షెడ్డు. దాని నుదుటి మీద "లోకేశ్వరి పొడులు" అని బోర్డు, బోర్డు మీద లోకేశ్వరి మొగం. ఆ మొగానికి సొంతదారు లోపల పీట మీద కూర్చొని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎదురుగా ఆమె తమ్ముడు ధర్మేంద్ర. పొద్దున్నే తిరుపతి నుంచి మోటారు సైకిలు మీద దిగి, హెల్మెట్టును చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. అక్క ఇక్కడ నువ్వులూ మిరపకాయలూ వేయించి పంపితే, తమ్ముడు తిరుపతిలో మర పట్టించి, పొట్లాలు కట్టి, అంగళ్ళకు వేస్తాడు. మూల పొయ్యి దగ్గర పెనంలో నువ్వులు తిప్పుతున్నది చెంగమ్మ. ఆమె చెవులకొక అలవాటుంది. గట్టిగా పిలిస్తే వినపడదు, గుసగుసలాడితే సగం వినపడుతుంది. మిగతా సగం ఆమే కల్పించుకుంటుంది.

"కాలూ లేదు, చెయ్యీ లేదు అత్తా. ఆఫీసు వాళ్ళ ఇంగిలీసు మాట అది."

"ఇంగిలీసోళ్ళ కాలా?"

"నువ్వు నాకు చెప్పు ధర్మా. అత్తకు నేను చెప్పుకుంటాలే. ఏందది?"

"అంగళ్ళకు ఏసిన పొట్లాలు కొన్ని వెనక్కి తెచ్చుకోవాలంట. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు చెప్పినాడు. ఒక్క బ్యాచే. నూట ఎనిమిదో నంబరు. తెచ్చి పక్కన పెట్టేస్తే అయిపోతాది."

"ఎందుకు?"

"రూలు."

"రూలు సరే. ఎందుకు?"

"ఎందుకంటే... రూలు గాబట్టి. వాళ్ళకేం పని చెప్పక్కా. తుమ్మితే ఒక రూలు, దగ్గితే ఇంగో రూలు."

"నిన్ను చంకనేసుకొని తిరిగినదాన్నిరా నేను. అబద్ధం చెప్పే ముందర నువ్వు చెవి గోక్కుంటావు. చెవి వదిలి చెప్పు."

"ఏముండాది చెప్పేదానికి... తిరుచానూరులో ఒక లాడ్జి. ఆడ ఒక బిడ్డ ఇడ్లీలోకి మన నువ్వుల పొడి ఏసుకొని తినింది. కొంచెం మొగం వాసింది."

"కొంచెం అంటే?"

"కొంచెమే. పెదాలు, కండ్లు. కొంచెం ఊపిరాడక గస. ఆస్పత్రికి తీసకపోయినారు. ఇప్పుడు బాగుండాది, ఆడుకుంటా ఉండాది."

"ఎవురి బిడ్డ?"

"ఎవురో యాత్రికులు. బెంగుళూరోళ్ళు."

లోకేశ్వరి చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది. పెదాలు, కండ్లు, గస. ఆ మూడూ ఆమెకు కొత్త చుట్టాలు కావు. మనవరాలు, కూతురు నవీన బిడ్డ ధరణికి మూడేళ్ళప్పుడు తిరణాలలో ఎవరో ముద్దుకొద్దీ చెనిక్కాయ ఉండ చేతిలో పెట్టారు. ఉండ సగం తినేలోపే బిడ్డ మొగం ఉండలా అయింది. ఈ బిడ్డ ఉన్న చోట వేరుశనగ ఉండకూడదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. చుట్టూ చెనిక్కాయ చేన్లే ఉన్న ఊళ్ళో ఆ మాట చెప్పడం, చేపకు తడి తగలనివ్వొద్దని చెప్పడమే. అయినా లోకేశ్వరి వేరుశనగను వేరుతో సహా ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. మనవరాలి కోసం వట్టి నువ్వులతో పొడి కొట్టింది. అలాంటి బిడ్డలున్న తల్లులు వెతుక్కుంటూ వచ్చి కొన్నారు. ఆ పొడే ఇవాళ షెడ్డయింది. ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళు సద్దిలో చెనిక్కాయ చట్నీ తెచ్చుకుంటే, గేటు బయటే తిని, సబ్బుతో చేతులు కడుక్కొని లోపలికి రావాలి. చెంగమ్మ అయితే ఆ పొద్దంతా చేతులు వాసన చూపించాలి.

"అది చెనిక్కాయ వాపురా."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. ధరణికి అవ్వను."

"అలర్జీ అక్కా. యాడనో ఒకరికి వస్తాది. దానికి మనమేం చేస్తాం."

"అల్లరి జేస్తే మొగం వాస్తాదా నాయనా? అట్టయితే మా మనవళ్ళ తలకాయలు ఈపాటికి గుమ్మడికాయలు అయిపోవాల."

"అత్తా, కొంచేపు ఉండు. ధర్మా, మన పొడిలోకి చెనిక్కాయ ఎట్ట వచ్చింది?"

"అదే గదా నేనూ అనేది. ఎట్ట వస్తాది? గాలికి ఏమన్నా..."

"గాలికి ఎగిరేదానికి అది దూదా?"

"లేదంటే మరలో ఎవురో ముందర పట్టించుకొనింటారు. కొంచెం మిగిలింటాది."

"నువ్వే ఎట్ట వస్తాది అంటా ఉండావు, నువ్వే మిగిలింటాది అంటా ఉండావు. వాళ్ళేమన్నారు?"

"ల్యాబుకు పంపినారంట రెండు పొట్లాలు."

"పంపితే?"

"ఉండాది అన్నారు."

"ఎంత ఉండాది?"

"ఎంతంటే... ల్యాబోళ్ళ లెక్కలు మనకేం అర్థమవతాయక్కా."

"చెవి."

"నాలుగో పాలు."

"నాలుగో పాలు గాలికి పడిందా?"

ఇక హెల్మెట్టును చూస్తూ ధర్మేంద్ర చెప్పుకొచ్చాడు. నువ్వుల ధర ఉగాది నుంచి ఎట్లా కొండెక్కిందో చెప్పాడు. తిరుపతిలో ఉన్నవాడికి కొండెక్కడమంటే పుణ్యం గానీ, సరుకు ధర ఎక్కితే పుణ్యమెక్కడిదన్నాడు. పొడి అమ్మే ప్రతివాడూ ఏదో ఒకటి కలుపుతున్నాడనీ, తను కలిపింది చెత్తా చెదారం కాదనీ, తోలు తీసిన మంచి గింజలేననీ అన్నాడు. అక్కకు చెబితే బాధపడుతుందని చెప్పలేదనీ, బాధపెట్టడం ఇష్టం లేకే దాచాననీ అన్నాడు. విన్నకొద్దీ లోకేశ్వరికి ఒక సంగతి తెలిసొచ్చింది. ఉగాది నుంచి ఈ షెడ్డులో ఆమె కడిగించిన చేతులన్నీ, వాసన చూసిన వేళ్ళన్నీ వట్టివే.

"అక్కా, విషం కలపలేదు గదా. చెనిక్కాయ. నాయన పండించిన చెనిక్కాయ. మనం తిని పెరిగిన చెనిక్కాయ."

"మనం తిని పెరిగినాం. ఆ బిడ్డ తిని పోయుండేది."

"పోలేదు గదా."

"నువ్వులు యేయించి ఇచ్చింది నేను. నువ్వుల్లో దూరింది నువ్వు. పొడి అమ్మి పెట్టరా అని ఇస్తే నన్నే పొడిచినావు గదరా."

"ఇప్పుడు పొడుపు కతలు వద్దక్కా. నేనేమీ దాచిపెట్టి కలపలేదు. రాసినా."

"ఏం రాసినావు?"

"చెనిక్కాయ ఉండాదని. పొట్లం మీద. రూలు ప్రకారం."

"యాడ?"

"ఈడ. ఇట్ట తిప్పు. వెనక. కింద. ఇంకా కింద. ఆ గీత ఉండాదే, దాని కింద, ఇంగిలీసులో."

"ఇవి అక్షరాలా, చీమ తలకాయలా?"

"చిన్నవే. అయినా ఉండాయి గదా."

"ముందరకు తిప్పు. ముందర తెలుగులో ఏముండాదో చదువు."

"నీకు తెలిసిందే గదక్కా, పాతదే."

"తెలుగు నాకూ వస్తాది. నీ నోటితో వినాలని. చదువు."

"'చెనిక్కాయ కలపని... అచ్చమైన నువ్వుల పొడి.'"

"దాని పైన?"

"నీ ఫొటో."

"నా మొగం పెట్టి లేదని చెప్పించినావు. నా వీపు మీద ఉండాదని రాసినావు. పొట్లానికి గూడా వెన్నుపోటు ఉంటాదని ఇన్నాళ్ళూ నాకు తెలీదురా."

"ఆఫీసరూ ఇంచుమించు అదే అన్నాడు."

"ఏమన్నాడు?"

"ముందర ఒక మాట, వెనక ఒక మాట ఉంటే రాసినట్టే కాదంట. పడని వస్తువు ఉంటే తినేవాళ్ళ కంటికి ఆనేట్టు రాయాలంట. లేబులు అంటే బొమ్మ కాదు, ఒట్టు అన్నాడు. శానా సేపు చెప్పినాడులే. నువ్వు లాభంలో చూసినావు, మేము ల్యాబులో చూసినాం అని ఎగతాళి గూడా చేసినాడు."

"ఎగతాళి కాదు అది. సరే. ఆ నూట ఎనిమిదిని వెనక్కి తేవాల, అంతే గదా?"

"అంతే. అంతే."

"ఎప్పుడు చేసింది అది?"

"ఎప్పుడంటే..."

"ఈ డబ్బాలో ఐరాల అంగళ్ళకు ఇచ్చే పొట్లాలు ఉండాయే. ఇది ఏ నంబరు?"

"నూట ఎనిమిది."

"ఇది?"

"నూట ఎనిమిది."

"ఇది శివరాత్రికి తెచ్చినావు, మూల నలిగింది చూడు. ఇదో?"

"నూట ఎనిమిది."

"నిన్న తెచ్చింది?"

"అక్కా, చెప్తా ఉండు. మొదటిసారి ఏసినప్పుడు నంబరు కావాలన్నారు. నూట ఎనిమిది ఏసినా. అష్టోత్తరం గదా, మంచిదని. వారం లోపల ఒక్క పొట్లం మిగల్లేదు. కలిసొచ్చిన నంబరును మార్చుకొనేదెందుకని..."

"అన్నిటికీ అదే పెట్టినావా?"

"బండి నంబరు మాదిరి అనుకున్నా. ఎందుకో ఏమో నాకెవురు చెప్పినారు? ఇప్పుడు చెప్పినాడు ఆఫీసరు. ఏ పొద్దు చేసిన సరుకు చెడిందో ఆ పొద్దుది మాత్రం ఏరి తెచ్చేదానికంట ఆ నంబరు. తక్కినవి బతికిపోతాయంట."

"మా ఊర్లో ఒకాయన అయిదుగురు కొడుకులకూ మునస్వామి అని పేరు పెట్టినాడు. పోలీసోళ్ళు వొచ్చి మునస్వామి యాడ అంటే, అయిదుగురూ పోయి స్టేషన్లో కూసున్నారు."

"విన్నావా, అత్తకు అర్థమైంది. ఇప్పుడు మన మునస్వాములు యాడ యాడ ఉండారు?"

"తిరుపతి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం..."

"అంతా గోవిందా."

"అట్ట అనకక్కా."

"కొండ కింద ఉండేవానికి గోవిందా అంటే భయమేందిరా? నూట ఎనిమిది అంటే అంబులెన్సు నంబరు గూడానే. ఆ బిడ్డను దాంట్లోనే తీసకపోయినారా?"

"ఊఁ."

"నువ్వు చూసినావా?"

"నేనా? నేనెందుకు చూస్తా. చెప్పినారు."

పొయ్యి మీద నువ్వులు చిటపటలాడడం మానేశాయి. చెంగమ్మ మంట తీసేసి, పెనం దించి, ఇక దాచేదేమీ లేదన్నట్టు దగ్గరికొచ్చి కూర్చుంది. ధర్మేంద్ర ఆమె వైపు చూసి, అక్క వైపు చూసి, గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తే చెంగమ్మకు బాగా వినపడుతుందన్న సంగతి మర్చిపోయాడు.

"నేనొచ్చింది దాని గురించే అక్కా. మధ్యాన్నం ఆఫీసరు ఈడికే వస్తాడు. లైసెన్సు నీ పేరు మీద ఉండాది. నువ్వొక్క మాట చెప్తే గట్టెక్కతాం."

"ఏం మాట?"

"మూట మారిపోయిందని. ఒకే ఒక్క పొద్దు, నువ్వుల మూట అనుకొని చెనిక్కాయ మూట విప్పినారని. పెద్దామె, కండ్లు సరిగా ఆనవు, తెలీక చేసిందని. ఆ పొద్దు సరుకు ఇదే అని ఒక నాలుగు డబ్బాలు తెచ్చి చూపిస్తాం."

"ఎవురా పెద్దామె?"

"నేనే మే, ఇంగెవురుండారు ఈడ కండ్లు కనపడనోళ్ళు? ఇది మాత్రం బాగా ఇనపడింది నాకు."

"తిలాపాపం తలా పిడికెడు అంటారు. తిలలు నావి, పాపం నీది. పిడికెడు ఆమెకెందుకురా?"

"ఆమెనేమీ చేయరక్కా. పెద్దామె గదా, వదిలేస్తారు. లేదంటే షెడ్డుకు తాళమే. ఈ ఆడోళ్ళందరూ ఏం కావాల? నువ్వు చెప్పు. నా కోసం వద్దు. వాళ్ళ కోసం."

అది సరిగ్గా తగిలే చోటే తగిలింది. లోకేశ్వరి తలుపు వైపు చూసింది. అవతల నీడలో మిరపకాయలకు తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు కనిపించారు. ఈ షెడ్డు మూతపడితే వాళ్ళు మళ్ళీ ఎండలో కూలికి పోవాలి. ఎవరో బెంగుళూరు బిడ్డ, బాగానే ఉందంటున్నారు, ఆడుకుంటోందంటున్నారు. ఒక్క మాట. తమ్ముడి కోసం ఇంతకు ముందు చెప్పని అబద్ధాలా? పొరుగింటి మామిడికాయల దగ్గర్నుంచీ వీడి తప్పులన్నీ తన కొంగు కిందే కదా దాక్కున్నాయి.

"అత్త పేరు వద్దు."

"మరి?"

"నా చెయ్యే మారిందని చెప్తా. నా కండ్లే ఆనలేదని చెప్తా."

"అక్కా, నువ్వు దేవతవు."

"ఉండు. దానికి ముందర ఆ బిడ్డను చూడాల. ఆ తల్లి కాళ్ళు పట్టుకోవాల."

"కాలు ఉండాదని నేను ముందే సెప్పలా?"

"వద్దక్కా. వాళ్ళు పోయినారు. మద్రాసుకు ఎళ్ళిపోయినారు."

"బెంగుళూరు అన్నావే."

"అదే. మద్రాసు మీద బెంగుళూరు."

"బెంగుళూరు మద్రాసు మీదికి ఎప్పుడెక్కిందిరా? ఏ లాడ్జి అది?"

"పేరు గుర్తు లేదు."

"తిరుచానూరే గదా. మన నవీన ఉండాది ఆడ. అల్లుడు చేసేదీ లాడ్జిలోనే. వాళ్ళనడిగితే క్షణంలో కనుక్కుంటారు."

"నవీన ఫోను నీళ్ళలో పడిందని చెప్పినా గదక్కా."

"పడి వారమైంది. ఇంకా ఆరలేదా?"

"రిపేరుకు ఇచ్చినారు."

"నేను చేస్తే పోవడమే లేదు. అత్తా, నీ ఫోను ఇట్టియ్యి. ఇంగో నంబరు నుంచి చూద్దాం."

"ఇదో. స్పీకరు మీదే ఉంటాది, తియ్యొద్దు. తీస్తే నాకు ఇనపడదు."

"అక్కా, ఎందుకు ఇప్పుడు దాన్ని కదిలించేది? నేను సాయంత్రం పోయి స్వయంగా చెప్తా. అక్కా."

"రింగు అవతా ఉండాదే. నీళ్ళలో పడిన ఫోను."

"పెట్టెయ్ అక్కా."

"చెప్పు చెంగమ్మవ్వా, బాగుండావా? ఇట్ట చేసినావేం?"

"నేను మే. అమ్మను."

ఫోను అవతల నుంచి వీధిలో పూలమ్మే వాళ్ళ కేకలు మాత్రం సన్నగా వినపడ్డాయి.

"నవీనా, ఉండావా?"

"నా నంబరు ఇప్పుడు గుర్తొచ్చిందా మా?"

"నీ ఫోను నీళ్ళలో పడిందని..."

"నా ఫోనుకేం, బాగుండాది. నీళ్ళలో పడింది నేను. నీ నంబరు నేనే ఆపేసినా."

"ఎందుకు మే?"

"ఎందుకా? ధరణి ఎట్టుండాదని గూడా అడగవే నువ్వు."

"ధరణికేమైంది?"

"నీకు తెలీదా?"

"ఏందే నాకు తెలీంది?"

"మామ యాడుండాడు?"

"ఈడే. చెవి గోక్కుంటా ఉండాడు."

"నీ పొడి తిని మొగం వాసింది ధరణికి మా. గస పట్టుకొని అంబులెన్సులో పోయింది. ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది నేను."

లోకేశ్వరి ఫోను కింద పెట్టలేదు, పట్టుకోనూ లేదు. చెంగమ్మే తన చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. బెంగుళూరు, మద్రాసు, రెండూ ఒక్క క్షణంలో తిరుచానూరులో వచ్చి కూర్చున్నాయి.

"ఇప్పుడు... బిడ్డ?"

"బాగుండాది. ఇంటికి తెచ్చినాం."

"నాకు ఒక్క మాట చెప్పలేదేం మే?"

"ఆస్పత్రి వరండాలో నుంచి మొదట మామకే చేసినా. ఏం కలిపినావు మామా అని. వచ్చినాడు. బిడ్డను చూసినాడు. బయటికి పిలిచి చెప్పినాడు, 'అక్కే కలపమనింది, నువ్వుల ధర ఎక్కిందని. నేనొద్దంటే వినలేదు. ఇప్పుడు నువ్వడిగితే తట్టుకోలేదు, కొన్నాళ్ళు మాట్లాడొద్దు' అని. నాకూ అడగబుద్ధి కాలేదు మా. ఇంట్లో వాళ్ళు పలకకపోతే ఇంగెవురిని అడగాల? ఆఫీసుకు పోయినా. ముక్కూ మొగం తెలీనోళ్ళు. ఆ పొద్దే వచ్చి లాడ్జి చుట్టూ ఉండే అంగళ్ళలో పొట్లాలు అమ్మకుండా ఆపేసినారు."

"ధర్మా. అన్నావా?"

"అప్పుడు ఏదో ఒకటి చెప్పాల గదక్కా. బిడ్డను అట్ట చూసి నాకు నోట మాట రాలేదు."

"నా పేరు మాత్రం వచ్చింది."

"సర్దుకుంటాదని..."

"దాని ఫోను నీళ్ళలో ముంచినావు. దాని దగ్గర నన్ను ముంచినావు. ఇప్పుడు నా నోటితోనే నా చెయ్యి మారిందని చెప్పించి, అదే నిజం చేయాలని వచ్చినావు. ఒట్టి పొడిలోనే కాదురా నువ్వు కలిపింది."

"అమ్మా... నువ్వు చెప్పలేదా కలపమని?"

"ధరణి మీద ఒట్టు మే."

"మరి మామ..."

"మామ పక్కనే ఉండాడు. ఆయన్నే అడుగు. స్పీకరు మీదే ఉండాది."

ధర్మేంద్ర హెల్మెట్టు తీసి తలకు పెట్టుకున్నాడు, కూర్చున్న చోటే. మొగం దాచుకునేందుకు షెడ్డులో ఇంకేమీ దొరకనట్టు. ఆ హెల్మెట్టు నవీనకు కనపడకపోయినా, మామ కాదనకపోవడం ఆమెకు వినపడింది. తలుపు దగ్గర మిరపకాయల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఏమైందని చెంగమ్మను అడిగారు.

"నాకేం తెలుసు మే. పొద్దున్నుంచీ అడగతా ఉండా కాలు ఎవురిదని. ఒకరూ సెప్పరు."

"కాలు కాదత్తా. రీకాల్. అందరూ వినండి, మళ్ళీ ఎవురూ ఇంగోటి అనుకోవద్దు. మనం ఇచ్చిన సరుకులో తప్పు ఉంటే, మనమే పోయి, తప్పు మాదేనని నోటితో చెప్పి, వెనక్కి తెచ్చుకోవాల. దానికి పేరు అది. ఇప్పుడు లేయండి. ఇద్దరు కాణిపాకం, ఇద్దరు శ్రీకాళహస్తి. తిరుపతికీ తిరుచానూరుకూ నేను పోతా. అంగడి అంగడికీ పోదాం. కొనుక్కొని ఇంట్లో పెట్టుకొన్నోళ్ళకు గూడా తెలియాల. అంగళ్ళ ముందర నా ఫొటోతోనే కాగితం అంటించండి, దీంట్లో చెనిక్కాయ ఉండాది, తినొద్దు, తెచ్చిచ్చేయండి అని. పెద్ద అక్షరాలు. తెలుగులో."

"ఆఫీసరు మధ్యాన్నం వస్తాడు గదక్కా..."

"రానీ. మూట మారలేదు సారూ, మాట మారింది అని చెప్తా. ఎవురు మార్చినారో గూడా చెప్తా. నువ్వు ఆ హెల్మెట్టు తీసి ఈడే కూర్చో."

"షెడ్డు మూస్తారక్కా."

"మూయనీ. నవీనా, ఉండావా?"

"ఉండా మా."

"ఒక్కటి అర్థం కావడం లేదు. ధరణి బయటి పొడి ముట్టుకోదు గదా. నేను ఇచ్చిన డబ్బాలోదే గదా తింటాది. ఈ పొట్లం ఎట్ట తినింది?"

"సెలవు గదా అని వాళ్ళ నాయన లాడ్జికి తీసకపోయినాడు. క్యాంటీనులో ఇడ్లీ పెట్టించినాడు. బల్ల మీద నీ పొట్లం ఉండాదంట. అదే తీసుకొని, ఆయనకు చూపించి, అడిగి మరీ తినింది."

"ఆయనన్నా చదవలేదా?"

"ఎందుకు చదువుతాడు మా? మేమెప్పుడన్నా చదివినామా? దానికి ఇంకా చదువు రాదు. బడిలో, పెండ్లిండ్లలో ఎవురేం పెడతారో అని, నేనే ఒక గుర్తు నేర్పించినా. అవ్వ మొగం ఉంటే తినొచ్చు. అవ్వ మొగం లేకుంటే ఎవురు పెట్టినా తినగూడదు అని."

షెడ్డు బయట బోర్డు మీద లోకేశ్వరి మొగం ఎండలో నవ్వుతూనే ఉంది. లోపలి లోకేశ్వరి కొంగుతో పెదాలు ఒత్తుకొని, చెంగమ్మ చేతిలోని ఫోనును దగ్గరికి లాక్కుంది.

"ఒకసారి దానికియ్యి మే ఫోను."

"ధరణీ, ఇట్రా. అవ్వ... ఊఁ, మాట్లాడు. నేను చెప్పింది చెప్పు."

"అవ్వా."

"బంగారూ. ఎట్టుండావు?"

"బాగుండా. అవ్వా, నీ మొగం ఉండే పొట్లం ఇంగ తినగూడదంట."

"అవును తల్లీ. ఎవురు పెట్టినా తినొద్దు."

"నువ్వు మాత్రం మా ఇంటికి రావొచ్చంట. అమ్మ చెప్పమంటా ఉండాది. వట్టి చేతులతో రావాలంట."